లె మార్చంట్, జాన్ గాస్పార్డ్ (1766–1812)

నెపోలియన్ యుద్ధకాలమునందు బ్రిటిష్ ఆశ్వికదళమున మేజర్ జనరల్ పదవిదాక ఎదిగి, 1812 జూలై 22వ తేదీన స్పెయిన్ దేశమునందలి సలమాంకా యుద్ధమున తన బ్రిగేడును శత్రుపదాతిపైకి నడపుచు మరణించిన సేనాని. బ్రిటిష్ రౌతులకు 1796లో ఏర్పాటైన వంకరకత్తిని రూపొందించినవాడును, దానిని ప్రయోగించు విధానమును గ్రంథస్థము చేసినవాడును, ఇంగ్లండునందు సైనికాధికారుల శిక్షణకై స్థాపితమైన రాయల్ మిలిటరీ కాలేజికి తొలి లెఫ్టినెంట్ గవర్నరును ఇతడే. సైనికాధికారి వృత్తి కులీనుల పరాక్రమముతోను ధనముతోను మాత్రమే సాగు కాలమున, అది శాస్త్రమువలె నేర్వదగినది, నేర్పదగినది అను సిద్ధాంతమును ఇతడు తన కొలువంతటను ఆచరణలో పెట్టెను. ఈ వ్యాసమున అతని జీవితవృత్తితోపాటు, దానిని గ్రహించుటకు వలసినంత మేరకు నాటి ఆశ్వికదళ వ్యవస్థయు వివరింపబడినది.

నాటి బ్రిటిష్ ఆశ్వికదళము

పదునెనిమిదవ శతాబ్ది చివర బ్రిటిష్ ఆశ్వికసేన స్థూలముగా రెండు తెగలుగా ఉండెను. రాజాంతఃపుర రక్షకపటాలములు, డ్రాగూన్ గార్డులు, డ్రాగూన్లు అనునవి భారాశ్వికదళములు. ఎత్తైన గుఱ్ఱములపై బలిష్ఠులైన రౌతులను కూర్చి, రణరంగమున శత్రుపంక్తిని మూకుమ్మడిగా తాకుటకు వీనిని వినియోగించెడివారు. లైట్ డ్రాగూన్లు లఘ్వాశ్వికదళములు. శత్రువు జాడ తీయుట, కావలి కాయుట, వెనుదిరిగిన సేనను తరుముట వీని ముఖ్యకర్తవ్యములు. 1806 తర్వాత లైట్ డ్రాగూన్ పటాలములు కొన్ని హుస్సారులను పేరును వేషమును స్వీకరించెను. పటాలము ట్రూపులుగా విభజింపబడి, రెండేసి ట్రూపులు ఒక స్క్వాడ్రనై, రెండు లేక మూడు పటాలములు ఒక బ్రిగేడై యుద్ధరంగమున పనిచేయుచుండెను.

ఆశ్వికదళమున ప్రవేశించు అధికారి మొట్టమొదట కార్నెట్ పదవిని పొందును. పిమ్మట లెఫ్టినెంట్, కెప్టెన్, మేజర్, లెఫ్టినెంట్ కల్నల్ పదవులు క్రమముగా వచ్చును. ఈ పదవులు చాలవరకు క్రయవిక్రయముల వస్తువులు. డ్రాగూన్ పటాలమున కార్నెట్ పదవికి ప్రభుత్వము నిర్ణయించిన వెల 735 పౌనులు. లెఫ్టినెంట్ కల్నల్ పదవి వెల ఐదువేల పౌనులకు సమీపముగా ఉండెను. యుద్ధమున అధికారి మరణించినపుడు గాని, రాజు ప్రత్యేకముగా అనుగ్రహించినపుడు గాని, పదవి వెల లేక లభించుటయు కలదు. ఫిరంగిదళమునకును ఇంజనీరుదళమునకును వూలిచ్ అకాడమీ ఉండెను గాని, ఆశ్విక పదాతిదళముల అధికారులకు వృత్తివిద్య గరపు ప్రభుత్వ విద్యాలయము ఏదియు లేదు. పటాలమున చేరిన యువకుడు తన విద్యను తోటివారిని చూచియే గ్రహింపవలసి యుండెను; పటాలాధిపతి అభిరుచిని బట్టి కవాతు విధానమే మారుచుండెడిది. 1795లో సర్వసేనాధిపత్యమును స్వీకరించిన యార్క్ ప్రభువు ఈ అస్తవ్యస్తతను సవరింప పూనుకొనెను. లె మార్చంట్ ప్రతిపాదనలకు ఆదరము లభించినది ఈ సంస్కరణ వాతావరణమునందే.

వంశము, బాల్యము

లె మార్చంటులు ఇంగ్లీషు కాలువయందలి గెర్న్‌సీ ద్వీపమునకు చెందిన పురాతన కుటుంబీకులు. ఆ కాలమున నార్మన్ ఫ్రెంచి మాటలాడుచుండిన ఆ ద్వీపము ఇంగ్లండు రాజునకు విధేయమై యుండియు, భాషాచారములందు ఫ్రాన్సునకు సన్నిహితముగ ఉండెను. జాన్ గాస్పార్డ్ తండ్రి డ్రాగూన్ పటాలమున పనిచేసి విరమించిన అధికారి; తల్లి, ఫ్రెంచి రాజు కొలువునందున్న స్విస్ సేనాని హిర్జెల్ ప్రభువు కుమార్తె. 1766 ఫిబ్రవరి 9వ తేదీన ఫ్రాన్సునందలి ఆమియాన్ నగరమున మాతామహుని ఇంట ఇతడు జన్మించెను. అనంతరకాలమున ఏ దేశముతో పోరి మరణించెనో ఆ దేశమునందే జన్మించుటయు, ఫ్రెంచి భాష బాల్యమునుండియే అలవడుటయు ఇతని సైనికవిద్యా వ్యాసంగమునకు తోడ్పడినవి.

బాత్ పట్టణమునందలి మోర్గన్ పండితుని పాఠశాలలో ఇతడు కొంతకాలము చదివెను. అచట మందబుద్ధియని పేరు పడెనే గాని విద్యావంతుడని పేరు పడలేదు. గణితము, దుర్గనిర్మాణము, చిత్రలేఖనము, సంగీతము మొదలగు విద్యలను కొలువున ప్రవేశించిన పిమ్మటనే స్వయంకృషితో సాధించెను. నీటిరంగులతో ప్రకృతిదృశ్యములను చిత్రించుటయందు ఇతనికి చక్కని నేర్పు కుదిరెను. భూభాగమును కన్నులతో కొలిచి పటముగా వ్రాయుట నాటి సేనానులకు అత్యావశ్యకమగుటచే, ఈ అభ్యాసము వినోదమాత్రముగ నిలువక వృత్తికిని అక్కరకు వచ్చెను.

తొలి కొలువులు

1781లో విల్ట్‌షైర్ జానపదసేనయందు ప్రవేశించిన లె మార్చంట్, 1783లో పదాతిదళమునకు చెందిన ఒకటవ పటాలమున ఎన్సైన్ అను తొలి అధికారి పదవిని పొంది, ఐర్లండునందును జిబ్రాల్టరునందును పనిచేసెను. 1787లో ఇన్నిస్కిలింగ్ పటాలమని ప్రసిద్ధికెక్కిన 6వ డ్రాగూన్లలో కార్నెట్‌గా చేరుటతో ఇతని ఆశ్వికజీవనము ఆరంభమయ్యెను. మూడవ జార్జి రాజు వేమత్ తీరమునకు విహారార్థము వచ్చినపుడు రక్షకదళమును నడపిన ఈ యువకుడు రాజు దృష్టి నాకర్షించెను. 1789లో 2వ డ్రాగూన్ గార్డులకు మారి, 1791లో కెప్టెన్ అయ్యెను. 1789లోనే గెర్న్‌సీ వాస్తవ్యుడైన జాన్ కేరీ కుమార్తె మేరీని వివాహమాడెను.

ఫ్లాండర్స్ దండయాత్ర (1793–94)

1793లో విప్లవ ఫ్రాన్సు బ్రిటనుపై యుద్ధము ప్రకటింపగా, యార్క్ ప్రభువు నాయకత్వమున బ్రిటిష్ సేన ఫ్లాండర్స్ ప్రాంతమున ఆస్ట్రియా సేనలతో కలిసి పోరాడెను. లె మార్చంట్ ఈ దండయాత్రయందు తన పటాలముతో పనిచేయుటయేగాక, ఆశ్వికబ్రిగేడునందు ఆజ్ఞాపాలన వ్యవహారములు చూచు బ్రిగేడ్ మేజరుగను పనిచేసెను. అందువలన పెక్కు పటాలముల గుణదోషములను పోల్చిచూచు అవకాశము అతనికి చిక్కెను.

బ్రిటిష్ రౌతుల ధైర్యమునందుగాని వారి గుఱ్ఱముల శ్రేష్ఠతయందుగాని లోపము లేదనియు, ఆయుధమునందును దానిని వాడు నేర్పునందునే లోపము కలదనియు అతడు గ్రహించెను. 1788లో నిర్ణయింపబడిన కత్తులు పొడవై, బరువు పిడిదెసకు గాక మొనదెసకు మొగ్గుటచే, ఒక వ్రేటు వేసిన రౌతు రెండవ వ్రేటుకై దానిని మరల్చుకొనుట దుష్కరముగ ఉండెను. అలుగు చేతియందు తిరిగిపోయి అడ్డముగ తగులుటయు, దౌడులో రౌతు తన గుఱ్ఱమునే చెవికడనో మెడకడనో గాయపఱచుటయు తఱచు సంభవించుచుండెను. బ్రిటిష్ రౌతులు కత్తి దూయుట కట్టెలు కొట్టువాని చేష్టవలె నున్నదని ఒక ఆస్ట్రియా అధికారి పరిహసించినట్లు లె మార్చంట్ జీవితచరిత్రయందు కలదు. ఆస్ట్రియా రౌతులనుండియు, వారియందలి హంగేరీయులనుండియు అతడు కత్తిసాము మెలకువలను నేర్చి, స్వదేశమునకు మరలిన పిదప వానిని క్రమబద్ధము చేయ నారంభించెను. 1794లో అతడు 16వ లైట్ డ్రాగూన్లలో మేజర్ అయ్యెను.

1796 నాటి కరవాలము

బర్మింగ్‌హామ్ ప్రాంతమున కత్తుల కార్ఖానా నడపుచున్న హెన్రీ ఆస్‌బార్న్ తోడ్పాటుతో లె మార్చంట్ క్రొత్త ఖడ్గముయొక్క నమూనాను సిద్ధపఱచెను. కొలది మార్పులతో ప్రభుత్వము దీనిని 1796లో లఘ్వాశ్వికదళములకు అంగీకృతాయుధముగ నిర్ణయించెను. దీని అలుగు పొడవు సుమారు 33 అంగుళములు. బాగుగ వంగి, ఒకవైపు మాత్రమే పదును కలిగి, మొన సమీపించుకొలది వెడల్పై యుండును. చేతికి రక్షగా పిడినుండి ఒకే లోహపుదబ్బ వంగి వచ్చును. దాని ఆకృతి జీను అంకవన్నెను పోలియుండును. వంపు అధికమగుటచే వ్రేటు తగిలినంతనే అలుగు జారుచు కోయును. మొన వెడల్పగుటచే వ్రేటు చివర బలము చేరును. ఈ రెండు గుణములు కలిసి అది కోతకు మిక్కిలి అనువైన ఆయుధమయ్యెను. కాని పొడుచుటకు అంతగా ఒదుగదు.

అదే సంవత్సరము భారాశ్వికదళములకు ఏర్పాటైన ఖడ్గము వేఱు. అది ఆస్ట్రియా రౌతుల కత్తి ననుసరించినది. సుమారు 35 అంగుళముల తిన్నని అలుగు కలది. దాని మొన మొదట గండ్రగొడ్డలివలె అడ్డముగ తెగియుండెను. యుద్ధకాలమున పెక్కు పటాలములవారు పొడుచుటకు వీలగునట్లు దానిని ఈటెమొనవలె సానపట్టించుకొనిరి. లె మార్చంట్ అభిమతము ఆశ్వికదళములన్నిటికిని వంకరకత్తియే ఉండవలెననుట. అది ప్రభుత్వ సమ్మతిని పొందలేదు. ఆ వంకరకత్తి కీర్తి బ్రిటనునకు వెలుపలను వ్యాపించెను. ప్రష్యారాజ్యము దానిని అనుసరించి 1811లో తన రౌతులకు ఖడ్గమును నిర్ణయించెను; ప్రష్యా సేనాని బ్లూఖర్ పేర అది బ్లూఖర్ కత్తియని వ్యవహృతమయ్యెను.

ఖడ్గసాధన పద్ధతి

ఆయుధముతోపాటు దాని సాధనయు మారవలెనని లె మార్చంట్ రచించిన నియమావళి 1796లో ప్రభుత్వముచే ప్రచురింపబడి సకల ఆశ్వికపటాలములకును విధింపబడెను. వ్రేట్లను ఆరుగా విభజించి ఒక్కొకదానికి సంఖ్య నిర్ణయించుటయు, ఆ వ్రేట్లకు అనురూపములైన కాపుదలలను నియమించుటయు ఇందలి ప్రధానాంశము. గోడపై గీచిన వృత్తమునందు వ్రేట్ల దారులు గీతలుగా చూపబడును. అభ్యాసి మొదట నేలపై నిలిచి ఆ గీతలవెంట చేయి నడపును. మణికట్టు, భుజము స్వాధీనమైన పిమ్మట గుఱ్ఱముపై నిలుకడగను, అనంతరము నడకలోను, తుదకు దౌడులోను అదే సాధన చేయును. వ్రేటు వేసిన వెంటనే శరీరమును కాచుకొని, చేతిని మరల సిద్ధస్థితికి తెచ్చుకొనుట ఈ విద్యకు కీలకము.

దీనిని దేశమంతటను వ్యాపింపజేయుటకు లె మార్చంట్ అనుసరించిన మార్గము గమనింపదగినది. ఒక్కొక పటాలమునుండి కొందఱిని రప్పించి, వారికి తానే శిక్షణమిచ్చి, వారిని ఉపాధ్యాయులుగా తమ పటాలములకు మరల్చెను. స్వచ్ఛంద ఆశ్వికదళములకును ఈ విధానమే విధింపబడెను. 1797లో అతనికి లెఫ్టినెంట్ కల్నల్ పదవి లభించెను. తర్వాత అతడు 7వ లైట్ డ్రాగూన్లలో, లార్డ్ పేజెట్ ఆధిపత్యముక్రింద, ఆ పదవి నిర్వహించెను.

రాయల్ మిలిటరీ కాలేజి

ఖడ్గశిక్షణవలన కలిగిన అనుభవము లె మార్చంట్ దృష్టిని రౌతునుండి అధికారికి మరల్చెను. ఫ్లాండర్సునందు బ్రిటిష్ సేన పడిన అవస్థలకు ముఖ్యకారణము, సేనలను నడపుట, విడిది చేయించుట, మార్గములు చూచుట, ఆజ్ఞలను వ్రాయుట మున్నగు పనులను శాస్త్రీయముగ నేర్చిన అధికారులు లేమియే అని అతడు నిర్ణయించుకొని, సైనిక విద్యాలయ ప్రణాళికను యార్క్ ప్రభువునకు సమర్పించెను. వ్యయము అధికమను శంకయు, పుస్తకవిద్య సైనికుని పౌరుషమును తగ్గించునను అభిప్రాయమును దీనికి అడ్డుపడినవి. ఎట్టకేలకు 1799లో హై వికమ్ పట్టణమునందలి ఒక సత్రగృహమున ఉన్నతశాఖ ప్రారంభమయ్యెను. ప్రష్యా రాజైన రెండవ ఫ్రెడరిక్ కొలువునందు పనిచేసిన ఫ్రెంచి జనరల్ ఫ్రాన్స్వా జారీ దీనికి ప్రధానోపాధ్యాయుడు. గణితమునకు ఐజక్ డాల్బీ నియమితుడయ్యెను.

1801లో రాజశాసనముచే ఈ విద్యాలయము రాయల్ మిలిటరీ కాలేజియై, జనరల్ హార్‌కోర్ట్ గవర్నరుగను, లె మార్చంట్ లెఫ్టినెంట్ గవర్నరుగను నియమితులైరి. పార్లమెంటు ముప్పదివేల పౌనులు మంజూరు చేసెను. కొలువున చేరగోరు బాలురకై 1802లో గ్రేట్ మార్లో పట్టణమున ప్రథమశాఖ స్థాపితమయ్యెను. విలియమ్ వాలెస్, జేమ్స్ ఐవరీ వంటి ప్రసిద్ధ గణితజ్ఞులు అచట బోధించిరి. సైనికుల పుత్రులకై మూడవ శాఖయొకటి ఉండవలెనని లె మార్చంట్ మొదటి ప్రణాళికయందు సూచించెను గాని అది ఆచరణకు రాలేదు.

ఉన్నతశాఖయందు కొంతకాలము కొలువు చేసిన అధికారులే విద్యార్థులు. భూభాగ పరిశీలనము, పటలేఖనము, శిబిరస్థాపనము, కోటల రక్షణాక్రమణములు, సేనాసంచాలనము, గణితము, ఫ్రెంచి జర్మను భాషలు పాఠ్యాంశములు. విద్యార్థులు గుఱ్ఱములపై ఊరి వెలుపలికి పోయి, కొండలు, వాగులు, బాటలు చూచి, కొలతలు కట్టి, పటములు వ్రాసి తెచ్చి చూపవలసి యుండెను. ఐబీరియా ద్వీపకల్పమున ఫ్రెంచివారితో జరిగిన యుద్ధమున బ్రిటిష్ సేనాధిపతి వెల్లింగ్టన్ సేనకు క్వార్టర్ మాస్టర్ జనరలై సేనాసంచార వ్యవహారములను నిర్వహించిన జార్జి మర్రే ఈ శాఖ విద్యార్థి. అనంతరము భారతదేశ గవర్నర్ జనరలైన హెన్రీ హార్డింజ్ కూడ ఇచట చదివినవాడే. 1812లో ప్రథమశాఖ శాండ్‌హర్‌స్ట్ గ్రామమునకు మారెను. ఉన్నతశాఖ 1858లో స్టాఫ్ కాలేజి అయ్యెను.

ఐబీరియా ద్వీపకల్ప యుద్ధము

1811లో లె మార్చంట్ మేజర్ జనరల్ పదవిని పొందెను. ఆ పదవియందు విద్యాలయ కొలువు కొనసాగుటకు వీలు లేకుండుటచే, పదియేండ్లకు పైగా తాను పెంచిన సంస్థను విడచి, పోర్చుగల్ దేశమునందున్న వెల్లింగ్టన్ సేనలో చేరెను. సర్ స్టేపుల్టన్ కాటన్ ఆధీనమునందలి ఆశ్వికసేనలో, 5వ డ్రాగూన్ గార్డులు, 3వ డ్రాగూన్లు, 4వ డ్రాగూన్లు అను మూడు పటాలముల భారాశ్విక బ్రిగేడు అతని వశమయ్యెను. అదే సంవత్సరము స్వదేశమున భార్య మేరీ ప్రసవానంతరము మరణించినదను వార్త అతనికి శిబిరమున అందెను.

1812 ఏప్రిల్ 6వ తేదీ రాత్రి, ఫ్రెంచివారి అధీనమునందున్న స్పెయిన్ దేశపు బడహోస్ కోట వెల్లింగ్టన్ సేన కైవసమయ్యెను. ఏప్రిల్ 11న ల్యెరేనా పట్టణ సమీపమునందలి వీల్యాగార్సియా కడ, వెనుదీయుచున్న ఫ్రెంచి సేనకు వెన్నుకావలిగ నున్న ఆశ్వికదళము కాటన్ కంటబడెను. లైట్ డ్రాగూన్లు దానిని ఎదుటనుండి నిలువరింపగా, లె మార్చంట్ 5వ డ్రాగూన్ గార్డులను ముందుంచుకొని, భూమి మఱుగున పార్శ్వమునకు చేరి తాకెను. ఎదుటను ప్రక్కను ఒకేమారు వ్రేటు పడిన ఫ్రెంచి రౌతులు చెదరి ల్యెరేనా దిక్కునకు పరుగిడిరి. భూభాగమును చదువుట, సమయమును కనిపెట్టుట అను రెండు గుణములు ఈ పోరున వెల్లడియైనవి.

సలమాంకా యుద్ధము (1812 జూలై 22)

ఫ్రెంచి మార్షల్ మార్మోన్, వెల్లింగ్టన్ సేనాపతులు ఇంచుమించు సమానబలములతో, ఒక్కొక్కరు ఏబదివేలకు సమీపించు సేనతో, సలమాంకా నగరమునకు దక్షిణమున అరపీలెస్ అను గుట్టల చెంత తలపడిరి. బ్రిటిష్ సేనకు పోర్చుగల్ మార్గమును తెంపవలెనని మార్మోన్ తన ఎడమపార్శ్వమును అతిగ సాగదీయగా, ఆ దళములకు నడుమ ఎడము కలిగెను. దానిని కనుగొన్న వెల్లింగ్టన్, పేకెనమ్ నాయకుడైన 3వ డివిజనును ఆ పార్శ్వపు కొసపైకిని, లీత్ నాయకుడైన 5వ డివిజనును దాని ఎదుటికిని పంపి, వీరి నడుమ లె మార్చంట్ బ్రిగేడును నిలిపెను. అనుకూలసమయము చిక్కినంతనే వెనుదీయక తాకవలెనని ఆజ్ఞాపించెను. యుద్ధారంభముననే మార్మోన్ గాయపడుటచే ఫ్రెంచివారికి నాయకత్వము కుంటుపడెను.

పదాతిదళము చతురస్రముగ నిలిచి నాలుగువైపులను బాయనెట్లు నిక్కించినచో, గుఱ్ఱములు దానిని చొరవు. అట్టి చతురస్రమును ఆశ్వికదళము భేదించుట అరుదు. ఇచట లీత్ పదాతి సమీపమునుండి కాల్చిన గుండ్ల ధాటికి ఫ్రెంచి పంక్తులు చెదరి, ధూళియు పొగయు కమ్మి, తిరిగి కూడుటకు వ్యవధి లేకుండెను. సాయంకాలము ఐదుగంటల ప్రాంతమున లె మార్చంట్ తన సుమారు వేయిమంది రౌతులను ఆ అస్తవ్యస్తమైన సేనపైకి దౌడు తీయించెను. ఫ్రెంచి సేనానులైన మొకూన్, తోమియేర్, తోపేన్ అనువారి సేనావిభాగములకు చెందిన దళములు ఒకదాని వెనుక ఒకటిగ తాకుడు పడెను. మొదటి దెబ్బతో విజయోన్మత్తులై చెదరిపోవుట నాటి బ్రిటిష్ రౌతులయందు తఱచు కనబడు దోషము. ఇచట రౌతులు పంక్తి కొంత చెదరినను ముందున్న దళమును దాటి వెనుకటి దళమును, దాని వెనుక నిలిచినదానిని సయితము తాకిరి. 4వ డ్రాగూన్ల నాయకుడు లార్డ్ ఎడ్వర్డ్ సోమర్‌సెట్ ఐదు ఫిరంగులను పట్టుకొనెను. వేలకొలది ఫ్రెంచి పదాతి హతులో బందీలో అయిరి. ఫ్రెంచి ఎడమపార్శ్వము నశించెను.

దాడి ముగియవచ్చుచుండగ, చెట్లగుంపు చెంత మిగిలి పోరాడుచున్న ఫ్రెంచి దళమొకదానిపై కొలదిమంది రౌతులతో దూకిన లె మార్చంటునకు తుపాకిగుండు తగిలి వెన్నెముక విఱిగెను. అతడు తత్‌క్షణము మరణించెను. అతని జ్యేష్ఠపుత్రుడు కేరీ తండ్రికి సహాయకాధికారిగ యుద్ధరంగముననే ఉండెను. బ్రిగేడ్ నాయకత్వమును 5వ డ్రాగూన్ గార్డుల అధిపతి విలియమ్ పాన్సన్‌బీ స్వీకరించెను. లె మార్చంట్ భౌతికకాయము రణరంగ సమీపముననే ఖననము చేయబడెను. విజయమును తెలుపు లేఖయందు వెల్లింగ్టన్ అతని మృతిని ఘననష్టముగ పేర్కొనెను. ఆగస్టు 12న వెల్లింగ్టన్ మాడ్రిడ్ నగరమున ప్రవేశించెను.

కుటుంబము, స్మారకములు

తల్లియు తండ్రియు ఏడాది లోపల గతింపగా మిగిలిన సంతానమును బంధువులు పెంచిరి. జ్యేష్ఠుడు కేరీ 1813 చివరి పోరులందు గాయపడి 1814లో మరణించెను. అతని తమ్ముడు డెనిస్ రాజకీయములందు ప్రవేశించి, 1841లో బారనెట్ బిరుదు పొంది, 1850 మొదలు 1871 వరకు కామన్స్ సభకు ప్రధాన గుమాస్తాగ ఉండెను. తండ్రి జీవితచరిత్రను 1841లో రచించినవాడు ఇతడే. తండ్రి పేరే వహించిన మఱియొక పుత్రుడు న్యూఫౌండ్‌లాండ్, నోవా స్కోషియా, మాల్టా ప్రాంతములకు గవర్నరై పనిచేసెను. లండనునందలి సెంట్ పాల్ ప్రధానదేవాలయమున లె మార్చంట్ స్మారకశిల్పము ప్రజావ్యయముతో నిర్మింపబడెను.

సమకాలిక ఆశ్వికాధికారులు

ఒకే కాలమున ఒకే ఆశ్వికదళమునుండి వెలువడిన అధికారుల వృత్తులు భిన్నమార్గములు తొక్కినవి. 7వ లైట్ డ్రాగూన్లలో లె మార్చంటునకు అధిపతియైన లార్డ్ హెన్రీ పేజెట్ ఉన్నతవంశజుడు. 1808 డిసెంబరులో సహగూన్, బెనవెంతే పోరులందు లఘ్వాశ్వికదళమును నేర్పుతో నడపి, 1815లో వాటర్లూ యుద్ధమున ఆశ్వికసేనాధిపతియై కాలు కోల్పోయెను. స్టేపుల్టన్ కాటన్ 25వ లైట్ డ్రాగూన్లతో భారతదేశమునకు వచ్చి 1799లో శ్రీరంగపట్టణ ముట్టడియందు పాల్గొనెను. ఐబీరియాలో లె మార్చంటునకు పై అధికారియై, అటుపిమ్మట కంబర్మియర్ ప్రభువను బిరుదము పొంది, 1826 జనవరిలో భరత్‌పూర్ కోటను పట్టుకొనెను. రోలో గిలెస్పీ 1806 జూలై 10న వేలూరు కోటయందు తిరుగుబాటు చేసిన సిపాయిలపైకి ఆర్కాటునుండి 19వ లైట్ డ్రాగూన్లను నడపి దానిని అణచెను. ఆ సందర్భమున పెక్కుమంది సిపాయిలు హతులైరి. 1814లో డెహ్రాడూన్ సమీపమునందలి కలుంగ కోటకడ గిలెస్పీ మరణించెను. విలియమ్ పాన్సన్‌బీ వాటర్లూ యుద్ధమున యూనియన్ బ్రిగేడును నడపుచు మరణించెను. వీరందఱు రణవీరులే; కాని ఆశ్వికవిద్యకు గ్రంథమును, అధికారి శిక్షణకు విద్యాలయమును సమకూర్చినవాడు వీరిలో లె మార్చంట్ ఒక్కడే.

భారతదేశముతో సంబంధము

లె మార్చంట్ స్వయముగా భారతదేశమునకు రాలేదు. కాని అతని కత్తియు, పుత్రుడును వచ్చిరి. ఈస్టిండియా కంపెనీ ఆశ్వికదళములు 1796 నాటి లఘ్వాశ్విక ఖడ్గమును వాడినవి. ఇంగ్లండు సేన ఆ నమూనాను విడిచిన పిదపను, పాత అలుగులు ఈ దేశమున చిరకాలము నిలిచెను. హైదరాబాదు నిజాము రాజ్యమునందలి ఆశ్వికులు బ్రిటిష్ సేన త్రోసివేసిన ఆ అలుగులను దేశీయమైన పిడులలో బిగించి, మంగలికత్తివలె సానబట్టి, కొయ్య ఒరలలో భద్రపఱచి, భయంకరముగ ప్రయోగించుచుండిరని కెప్టెన్ లూయీ ఎడ్వర్డ్ నోలన్ తన 1853 నాటి ఆశ్వికదళ గ్రంథమున వర్ణించెను. మద్రాసు రాజధానియందు తన పటాలముతో పనిచేసిన నోలన్, ఇనుప ఒరలు అలుగు పదునును పోగొట్టుననుటకు ఈ ఉదాహరణమును చూపెను. లె మార్చంట్ పుత్రుడు సర్ జాన్ గాస్పార్డ్ 1865 మొదలు 1868 వరకు మద్రాసు సైన్యమునకు సర్వాధిపతిగ పనిచేసెను. తెలుగువారును తమిళులును విశేషముగ కొలువుచేసిన సైన్యమది.

మదింపు

లె మార్చంట్ కృషిని గుఱించి సైనికచరిత్రకారులయందు మతభేదములు కలవు. వంకరకత్తి వ్రేటు చూచుటకు ఘోరమైనను ప్రాణాంతకమగుట తక్కువ యనియు, ఫ్రెంచి రౌతుల పోటుదెబ్బయే అధికముగ మరణకారణమనియు కొందఱు వాదించిరి. వేగమున తలపడు రౌతునకు వ్రేటు వేయుట సులువు, పొడిచిన మొన ఎదిరి శరీరమున చిక్కుపడును అని మఱికొందఱు సమాధానము చెప్పిరి. ఖడ్గనియమములు రౌతు హస్తమును క్రమపఱచినవే గాని, జయించిన పిదప దళమును తిరిగి కూర్చు నిగ్రహమును పటాలములన్నిటను కలిగింపలేదు. 1812 జూన్ 11న స్పెయిన్ దేశమునందలి మగీయా కడ బ్రిటిష్ సేనాని జాన్ స్లేడ్ బ్రిగేడు శత్రువును తరిమి తరిమి తుదకు తానే భంగపడుట ఇందులకు నిదర్శనము. అట్టి దుడుకుతనమును వెల్లింగ్టన్ తీవ్రముగ నిరసించెను.

విద్యాలయమునకును పరిమితులు కలవు. అందు చదివిన అధికారుల సంఖ్య సేనలోని అధికారుల సంఖ్యతో పోల్చిన స్వల్పము. పదవుల క్రయము 1871 వరకు కొనసాగెను. కాని, వెల్లింగ్టన్ శిబిరమున మార్గపటములు వ్రాసి, సేనల నడకను లెక్కకట్టి, ఆజ్ఞలను స్పష్టపఱచిన అధికారవర్గము ఏర్పడుటకు హై వికమ్ శాఖ ముఖ్యాధారమయ్యెననుట చరిత్రకారుల సామాన్యాభిప్రాయము.

లె మార్చంట్ చేపట్టిన కార్యములను వేర్వేఱుగ గాక ఒక్కటిగ చూచినపుడే అతని వృత్తి స్వరూపము తెలియును. ఆయుధము చేతికి అనువుగ ఉండవలెను. చేయి క్రమము నెఱుగవలెను. చేతులను నడపు అధికారి భూమిని, కాలమును, సేనను చదువనేర్వవలెను. ఈ మూడింటిలో ఒకటి కొఱవడినను మిగిలినవి నిష్ఫలములను తెలివిడితో అతడు ఇరువదియేండ్లు పనిచేసెను. సలమాంకా మైదానమున అతని బ్రిగేడు సాధించిన ఫలము పటాలముల శౌర్యమునకు ఎంత చెందునో, ఆ పూర్వాభ్యాసమునకును అంత చెందును; బ్రిటిష్ సైనికాధికారి విద్యకు శాశ్వతస్థానము కల్పించిన వ్యక్తిగ చరిత్రయందు అతడు పొందిన స్థానము కూడ దానిపైననే నిలిచియున్నది.